ఆ పది మార్కులు మా జిరాక్స్ షాపుకే వెయ్యాలె

ఎడిటర్ గారికి నమస్తే. మాది జనగామ జిల్లాలో ఒక మండల కేంద్రం, హైస్కూల్ గేటుకు ఎదురుంగనే మా జిరాక్స్ సెంటర్. నేను టీచర్‌ని కాదు గానీ ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు (బళ్ళె నడిమిట్ల పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు) ఎప్పుడొస్తయో కేలండర్ చూడకుండనే చెప్తా, ఎందుకంటే ఆ వారం పొద్దున ఎనిమిదిన్నరకే పిల్లలు షాపు ముందట సైకిళ్ళు అడ్డం పెట్టి "అన్నా నీటి కాలుష్యం ప్రాజెక్టు ఉందా" అని నిలబడతరు. ఉంటది. నిరుడు తీసిందే ఫోల్డర్‌ల ఉంటది, పేరు, రోల్ నంబర్ మార్చి ప్రింట్ కొడతా, అంతే.

ఎఫ్‌ఏ 50 మార్కులల్ల స్లిప్ టెస్టుకు, అంటే చిన్న రాత పరీక్షకు 20, భాగస్వామ్యానికి, రాత అంశాలకు, ప్రాజెక్టుకు పదేసి. పదో తరగతిల ఎఫ్‌ఏలకు 20 మార్కులు, వాటిని 80 మార్కుల పబ్లిక్ పరీక్షకు కలుపుతరు. 2024 నవంబర్‌ల ఈ 20 మార్కుల ఇంటర్నల్స్ తీసేస్తమన్నరు, తర్వాత మళ్ళ ఉంచినరు, పేపర్ల నిండ అదే లొల్లి, ఆ ప్రాజెక్టు చేసేది పిల్లగాడా నేనా అని మాత్రం ఎవరూ అడగలే.

మొన్న ఒక పిల్లగాడు సామెతలు సేకరించాలె అని వచ్చిండు. ఆధార్ జిరాక్స్ కోసం కూసున్న ముసలవ్వ "ఏం సామెతలు బిడ్డా" అని అడిగి, "ఆడలేక మద్దెల ఓడు", "వాన రాకడ పానం పోకడ" అని గడగడ అయిదారు చెప్పింది. వాడు ఒక్కటి రాసుకోలే. అవ్వ ముందటనే "అన్నా నెట్‌ల యాభై కొట్టు, బొమ్మలున్నయి కావాలె" అన్నడు. సేకరించుడంటే ఇదా?

సార్లను ఏమంటం, తనిఖీకొచ్చేటోళ్ళు కాగితం ఉందా లేదా చూస్తరు గానీ పిల్లగాన్ని పిలిచి ఏం రాసినవు చెప్పు అని అడగరాయె. 2009 విద్యాహక్కు చట్టంల ఈ ఎఫ్‌ఏలకు మూలమైన నిరంతర సమగ్ర మూల్యాంకనం పెట్టిందే పిల్లలకు అర్థమైందా, వాడుకోగలుగుతున్నరా చూసుడు కోసమట. గందుకే ప్రింట్ కాగితం తీసుకోమని ఖరాఖండిగ చెప్పుండ్రి, క్లాసులనే చేపియ్యుండ్రి, రెండు నిమిషాలు నోటితోని అడిగి మార్కులెయ్యుండ్రి. నా గిరాకీ పోతది, పోనీ.

ఒక మేడం ఎనిమిదో తరగతి లెక్కలకు మీ ఇంటి కరెంటు బిల్లు తెచ్చి యూనిట్లు, స్లాబులు మీరే లెక్కగట్టుండ్రి అని ఇచ్చింది. ఆ వారం షాపుకొచ్చింది ఇద్దరే, అది గూడ బిల్లు మీద అక్షరాలు పోతున్నయని జిరాక్స్ తీయించుకోను. అండ్ల ఒకడు గోడకు గుచ్చిన మా షాపు బిల్లు అంత చదివి "అన్నా నీకు యూనిట్ రేటు మాకంటే ఎక్కువేసిండ్రు" అన్నడు. కమర్షియల్ కదరా అన్న. "కమర్షియల్‌కు ఎందుకెక్కువ?" అన్నడు.

ఇట్లు,
ఒక జిరాక్స్ సెంటర్ ఓనర్, జనగామ జిల్లా