ఈ ఏడాది బీటెక్ ఫస్టియర్ సెట్టు కట్టడం లేదు

అడ్మిషన్లు మొదలైనప్పటి నుంచి "ఫస్టియర్ సెట్టు ఎంత?" అని ఫోన్లు వస్తున్నాయి. నెల్లూరులోని మా పుస్తకాల కొట్టులో ఈసారి సెట్లు కట్టి అమ్మడం లేదు. దారం చుట్టి ఇచ్చే ఏడెనిమిది పుస్తకాల్లో రెండు మూడు సెమిస్టరు అయిపోయినా తెరవకుండానే మిగిలిపోతున్నాయి. పైగా పోయినేడాది మేం కట్టిన సెట్లలో కొన్నిటిలో పాత రెగ్యులేషన్ (యూనివర్సిటీ కొన్నేళ్లకోసారి మార్చే సిలబస్) పుస్తకాలు కలిసిపోయాయి. తప్పు మాదే. అలాంటి పుస్తకం మీ దగ్గరుంటే బిల్లుతో తీసుకురండి. పేరు రాసేసినా, అట్ట వేసేసినా సరే, మార్చి ఇస్తాం.

మన వైపు ఈ తికమక ఎక్కువ. 2008లో జేఎన్‌టీయూను విడదీసినప్పుడు నెల్లూరు జిల్లా కాలేజీలు అనంతపురం కిందికి, ప్రకాశం జిల్లా కాలేజీలు కాకినాడ కిందికి వెళ్లాయి. కావలి పిల్లలూ ఒంగోలు పిల్లలూ మా దగ్గరికే వస్తారు, అందరూ "జేఎన్‌టీయూ పుస్తకాలు" అనే అడుగుతారు. 2023-24లో రెండు యూనివర్సిటీలకూ ఆర్23 అనే కొత్త రెగ్యులేషన్ వచ్చింది. సబ్జెక్టుల పేర్లు చాలావరకు కలుస్తాయి గానీ, అటానమస్ కాలేజీలు సిలబస్ సొంతంగా వేసుకుంటాయి. అందుకే కొట్టుకు వచ్చేముందు సిలబస్ కాపీ మొదటి పేజీ చూడండి. కాలేజీ అటానమసా కాదా, రెగ్యులేషన్ ఏది, బ్రాంచి ఏది, సెమిస్టరు ఏది, ఈ నాలుగూ తేలాకే పుస్తకం. ముఖ్యంగా ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ ఒకేసారి కొనకండి. బ్రాంచిని బట్టి ఒకటి మొదటి సెమిస్టరులో, రెండోది రెండో సెమిస్టరులో వస్తుంది.

మొదటి రోజే ధైర్యంగా కొనదగ్గది లెక్కల పుస్తకం. బి.ఎస్. గ్రేవాల్ 'హయ్యర్ ఇంజినీరింగ్ మేథమెటిక్స్' వెయ్యి పేజీలు దాటిన పుస్తకం, ఖరీదూ ఎక్కువే. కానీ ఆర్23లో మొదటి సెమిస్టరు లీనియర్ ఆల్జీబ్రా, కాలిక్యులస్, రెండో సెమిస్టరు డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, వెక్టర్ కాలిక్యులస్ అన్నీ అందులోనే దొరుకుతాయి. ఒకసారి పెట్టిన డబ్బు ఏడాదంతా పనికొస్తుంది. చదివే పద్ధతి మాత్రం ముందే చెబుతున్నాం. మొదటి పేజీ నుంచి వరసగా పోతే వారానికే విసుగొస్తుంది. సిలబస్‌లోని ఐదు యూనిట్లకు సరిపడే అధ్యాయాలకు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. సాల్వ్ చేసిన లెక్కను కాగితంతో మూసి, ముందు మీరు చేసి, తరవాత తీసి చూడండి. ఇంటర్‌లో ఆబ్జెక్టివ్ బిట్లకు అలవాటు పడ్డ చెయ్యికి మాట్రిక్స్ ర్యాంకు, ఐగన్ విలువల లెక్కలు మెట్టుమెట్టుగా రాయడమే కష్టమవుతుంది. మార్కులు పోయేది కూడా అక్కడే.

సీ ప్రోగ్రామింగ్‌కు పాత పుస్తకం తీసుకునేవాళ్లు లోపలి ప్రోగ్రాములు చూసి తీసుకోండి. మొదటి వరసల్లో 'కోనియో' (conio.h) అనే హెడర్ ఫైలు, లోపల స్క్రీన్ తుడిచే ఆదేశం (clrscr) కనిపిస్తే అది టర్బో సీ అనే పాత కంపైలర్ కాలం పుస్తకం. ఆ ప్రోగ్రామును ల్యాబులో జీసీసీ అనే ఇప్పటి కంపైలర్ మీద కొడితే, ఆ ఫైలో ఆ ఆదేశమో లేదని ఎర్రర్ వస్తుంది. పిల్లలు తప్పు తమదేననుకుని గంటలకొద్దీ వెతుక్కుంటారు. ఆ పాత పుస్తకాల్లో ఇంటిజర్‌కు రెండు బైట్లని ఉంటుంది, ఇప్పటి మెషిన్లలో నాలుగు చూపిస్తుంది. కెర్నిగన్, రిచీ రాసిన పుస్తకం రెండో ఎడిషన్ 1988 నాటిది, ఇప్పటికీ గొప్ప పుస్తకమే. అయితే ఎన్నడూ ప్రోగ్రాం రాయని పిల్లవాడికి అది మొదటి పుస్తకంగా ఇవ్వకండి. అభ్యాసాలకు జవాబులుండవు, వివరణ చాలా క్లుప్తం. బాలగురుస్వామి పుస్తకంతో మొదలుపెట్టి, రెండో సెమిస్టరులో కెర్నిగన్, రిచీ పుస్తకం అందుకోవచ్చు.

ఇంజినీరింగ్ గ్రాఫిక్స్ ఏ సెమిస్టరులో ఉందో తెలిశాకే ఎన్.డి. భట్ పుస్తకం, డ్రాఫ్టరు (షీటు మీద సమాంతర గీతలు గీసే పరికరం) కొనండి. మన దగ్గర ఫస్ట్ యాంగిల్ పద్ధతి, అంటే పైనుంచి చూసిన బొమ్మ ముందు బొమ్మకు కింద వస్తుంది. అమెరికన్ పుస్తకాల్లో థర్డ్ యాంగిల్, పైబొమ్మ పైనే ఉంటుంది. నెట్‌లో దించుకున్న పుస్తకం చూసి షీటు గీస్తే మొత్తం తిరగబడుతుంది. మినీ డ్రాఫ్టరు కొనేటప్పుడు కౌంటరు మీదే పరీక్షించండి: ఒక గీత గీసి, స్కేలును షీటు అటు చివరిదాకా జరిపి, మళ్లీ వెనక్కి తెచ్చి అదే గీత మీద ఆనించండి. వెంట్రుక వాసి తేడా ఉన్నా అది వద్దు. కీళ్లు వదులైతే సమాంతర రేఖలు సమాంతరంగా రావు. పెన్సిళ్లు మూడు చాలు: సన్న గీతలకు 2హెచ్, చివరి గీతలకు హెచ్, అక్షరాలకు హెచ్‌బీ.

తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు ఇంగ్లిష్‌కు లావుపాటి వ్యాకరణం కొని బీరువాలో పెట్టొద్దు. రేమండ్ మర్ఫీ ఎర్ర అట్ట గ్రామర్ పుస్తకంలో ఎడమ పేజీలో వివరణ, కుడి పేజీలో అభ్యాసం ఉంటాయి. రోజుకొక పాఠం పెన్సిల్‌తో చేయండి. జవాబులున్న ఎడిషనే అడగండి, లేనిది కూడా వస్తోంది.

డిగ్రీలో చేరేవాళ్లకు ఒక్క మాట. 2023-24లో మన రాష్ట్రంలో సింగిల్ మేజర్ పద్ధతి, అంటే ఒకే సబ్జెక్టు ప్రధానంగా చదివే పద్ధతి వచ్చింది. అంతకు ముందు అన్నయ్య చదివిన ఎంపీసీ, బీజెడ్‌సీ పుస్తకాల్లో సబ్జెక్టు పనికొస్తుంది, సెమిస్టర్ల వరస మాత్రం కలవదు.

మా దగ్గర మిగిలిన ఆర్20 (ఆర్23కు ముందటి రెగ్యులేషన్) పుస్తకాలు విడిగా ఒక అరలో పెట్టి, అట్ట మీద పాతదని రాసి, నాలుగో వంతు ధరకే ఇస్తున్నాం. లెక్కలు సాధన చేసుకోవడానికి అవి బాగుంటాయి, వాపసు మాత్రం తీసుకోం. తెలుగు అకాడమీ పుస్తకాల మీద తగ్గింపు ఇవ్వలేం, వాటి మీద మాకు మిగిలేదే తక్కువ. మిగతా టెక్స్ట్‌బుక్కుల మీద పది శాతం. జిరాక్స్ బైండింగులు మా కొట్టులో దొరకవు. వాటిలో ఘాతంలోని అంకె 3 ఉందో 8 ఉందో తెలియదు, గ్రాఫుల్లో గళ్లు నల్లగా ముద్దకట్టి ఉంటాయి. లెక్కల పుస్తకానికి అంతకంటే చెరుపు లేదు.

కొత్తగా కొన్నవి పేరు రాయకుండా బిల్లుతో 15 రోజుల్లో తెస్తే మార్చుకోవచ్చు. సెమిస్టరు అయ్యాక అదే ఎడిషన్ నడుస్తుంటే సగం ధరకు మేమే కొంటాం. సిలబస్ మొదటి పేజీ, మీ సెమిస్టరు సబ్జెక్టుల పేజీ ఫోటో తీసి కొట్టు వాట్సాప్‌కు పంపండి. ఏవి ఇప్పుడే కావాలో, ఏవి ఆగి కొనాలో సాయంత్రానికి రాసి పంపుతాం. కొనేది వేరే కొట్టులోనైనా సరే.