ఊరికి రోడ్డు వేయండి, కొండ కొసకు వద్దు

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

అరకులోయ చుట్టుపక్కల కొండల్లో ఉన్న కాలిబాటల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇరవై ఏళ్ల పైనుంచి, కుదిరినప్పుడల్లా, పొద్దున్నే విశాఖపట్నంలో కిరండూల్ రైలుబండెక్కి బొర్రా గుహల దగ్గరో అరకులోనో దిగి, కొండల్లో కాసేపు నడిచి, తిరుగు బండికి వచ్చేసే మనిషిని నేను. ట్రెక్కింగ్ అనేంత పెద్ద మాట నాకు సరిపోదు. సంచిలో నీళ్ల సీసా, నాలుగు అరటిపళ్లు, మా ఆవిడ పొట్లం కట్టిచ్చిన పులిహోర. అంతే నా సరంజామా.

ముందు నాకు జరిగింది చెబుతాను. కొన్నేళ్ల కిందట నవంబరులో అనంతగిరి మండలంలో ఓ కొండ దిగుతున్నాను. పైనుంచి చూస్తే వలిసె (నూనెగింజల పంట) పూల మళ్లు పసుపు ఆరబోసినట్టున్నాయి. వాటిని చూస్తూ తీరిగ్గా దిగుతుంటే పది నిమిషాల్లో మంచు కమ్మేసింది. ముందున్న చెట్టు కూడా కనబడలేదు. బాట రెండుగా చీలిన చోట తప్పుదారి పట్టాను. తడిరాయి మీద కాలు జారింది. చీలమండ దగ్గర పటుక్కుమని చప్పుడైంది. సిగ్నల్ లేదు. అరుస్తూ కూర్చున్నాను.

గంటకి పైనే అయ్యాక అడ్డాకుల మోపుతో వస్తున్న ఓ అమ్మాయి విని, గూడెంలోకి పరిగెత్తింది. నలుగురొచ్చారు. లావుపాటి వెదురు కర్ర, దానికి రెండు చివర్లా ముడేసిన దుప్పటి. డోలీ. పేపర్లో ఫొటోలు చూడడమే తప్ప నేనెప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. ఆ దుప్పట్లో పడుకుంటే మోకాళ్లు ముఖానికి వచ్చేస్తాయి. మోసేవాళ్ల అడుగు మారినప్పుడల్లా వెన్ను రాయికి తగులుతుంది. రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటించారు. రెండో గెడ్డ దగ్గర కర్ర భుజం మార్చుకుంటూ వాళ్లలో పెద్దాయన అన్నాడు: "పోయిన నెల మా కోడల్ని ఈ కర్ర మీదే దింపాం బాబూ. నువ్వే నయం, అరవలేదు."

కింద జీపు దగ్గర డబ్బులిస్తే తీసుకుని నలుగురికీ సమానంగా పంచాడు. వద్దని దండం పెట్టారని రాస్తే కథ ఇంకా బాగుండేదేమో. కానీ తీసుకున్నారు. రెండు గంటలు మనిషిని మోసినవాళ్లు తీసుకోవాలి కూడా.

నేను తప్పిపోయిన ఆ బాట ఏ పటంలోనూ లేదు. కానీ ఆ అమ్మాయికి అది అడ్డాకుల బాట. పక్క గూడెం వాళ్లకి సంత బాట. వాళ్ల పిల్లలకి బడి బాట. ఆ పెద్దాయన కోడలికి ఆసుపత్రి బాట. మనం ట్రెక్ అంటున్నవన్నీ ఎవరో ఒకరు రోజూ నడిచే దారులే. నా మనవి మొత్తం ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉంది.

ఇప్పుడు వంజంగి సంగతి. పాడేరు దగ్గర ఆ కొండ 2020 తర్వాత ఫోన్లలో వైరల్ అయి "మేఘాల కొండ" అయింది. మేఘాలు నిజంగానే అద్భుతం, అందులో అనుమానం లేదు. కానీ సీజన్లో ఓ ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లి చూడండి. కొండ కింద బండ్ల వరస, హారన్లు, టార్చిలైట్లు, ఎవరి స్పీకర్లో వాళ్ల పాట. సూర్యుడు రాగానే డ్రోన్లు లేస్తాయి. ఎనిమిదింటికల్లా అంతా ఖాళీ. మిగిలేవి నూడుల్స్ కప్పులు, నీళ్ల సీసాలు, చల్లారిన నెగళ్లు. అంతకన్నా నన్ను బాధపెట్టేది బాట. ఎవరికి తోచిన అడ్డదారిన వాళ్లు దిగడంతో గడ్డి చచ్చి, ఎర్రమట్టి బయటపడి, వాన పడ్డప్పుడల్లా అది కాలువలా కోసుకుపోతోంది. వచ్చినవాళ్లని తిట్టి లాభం లేదు. ఫలానా చోట నడవండి, ఫలానా చోట వద్దు అని వాళ్లకి చెప్పినవాళ్లు ఎవరు?

ఇలాంటి చోట మన వాళ్లకి వెంటనే తట్టేది ఒకటే: రోడ్డు వేసేద్దాం, మెట్లు కట్టేద్దాం, పైన సెల్ఫీ పాయింటు పెట్టేద్దాం. కైలాసగిరి మీద గాజు వంతెన కట్టారు, సంతోషం. అది నగరంలో ఉన్న కొండ, దానికి అది సరిపోతుంది. అరకు వైపు కొండలైన గాలికొండకీ మాడగడకీ అవి వద్దు. కొండ కొస దాకా కారు వెళితే అక్కడ దిగినవాడు పావుగంట ఉంటాడు. నాలుగు ఫొటోలు తీసుకుని తిరుగుతాడు. కింద గూడెంలో టీ కూడా తాగడు. అదే మూడు గంటలు నడిచి ఎక్కినవాడికి ఆకలేస్తుంది, దాహమేస్తుంది, దారి చూపే మనిషి కావాలి, ఒక్కోసారి రాత్రికి పడుకోవడానికి చోటు కూడా కావాలి. డబ్బు ఎక్కడ మిగులుతుందో మీకు నేను లెక్కలేసి చెప్పక్కర్లేదు.

ఇక్కడో మాట స్పష్టంగా చెప్పాలి. గూడేలకి రోడ్లేస్తే అడవి అందం పోతుందని దిగులుపడే నడక ప్రియులు మాలో ఉన్నారు. వాళ్లని ఒక్కసారి డోలీలో పడుకోబెట్టాలి. నేను పడుకున్నాను కాబట్టి చెబుతున్నాను. గూడేనికి రోడ్డు తప్పకుండా వేయాలి, వీలైనంత త్వరగా వేయాలి. నేను నడిచే బాట ఆ రోడ్డు కింద పోయినా సరే, ఇంకో బాట వెతుక్కుంటాను. నేను వద్దంటున్నది ఊరు దాటి వ్యూ పాయింటు దాకా పాకే రోడ్డు.

మరి ఏం చేయాలంటారా? ఉన్న బాటల్నే వెతకండి. పైనుంచి డ్రోన్‌తో సర్వే చేస్తే దొరకవు, గూడెం వాళ్లతో కలిసి నడిస్తే దొరుకుతాయి. బొర్రా నుంచి కటికి జలపాతం వైపు, సుంకరమెట్ట కాఫీ తోటల మధ్య, డుంబ్రిగుడ చుట్టూ, ఒక్కో చోట ఒకటి రెండు దారులు ఎంచుకున్నా చాలు, మొదటి ఏడాదికి పది చాలా ఎక్కువ. చీలిక వచ్చిన ప్రతి చోటా రాయి మీద ఓ రంగు గుర్తు వేయండి. ఇనుప బోర్డులు పెడితే ఏడాది తిరక్కుండా తుప్పు పడతాయి, లేదా పాత ఇనుములోకి పోతాయి. రాయి ఎక్కడికీ పోదు. దూరం కిలోమీటర్లలో కాకుండా గంటల్లో రాయండి. కొండమీద "4 కి.మీ." అంటే నగరం మనిషికి ఏమీ అర్థం కాదు, సాయంత్రం వాకింగ్ అనుకుని బయల్దేరతాడు. పేర్లు మాత్రం అక్కడి వాళ్లు పిలిచేవే ఉంచండి. ఆ కొండకీ గెడ్డకీ కొండదొర, కోదు తెగల వాళ్లు ఎప్పుడో పేరు పెట్టే ఉంటారు. కొత్తగా సన్‌రైజ్ పాయింట్ నెంబర్ టూ అక్కర్లేదు.

మనకన్నా ముందు ఈ పని మొదలుపెట్టినవాళ్లు పక్కనే ఉన్నారు. తమిళనాడు 2024 అక్టోబరులో 40 ట్రెక్కింగ్ దారులు ప్రకటించి, సులువు, మధ్యస్థం, కష్టం అని విడదీసి, ఆన్‌లైన్‌లో బుకింగ్ పెట్టి, స్థానిక యువకులకి, అందులో గిరిజనులకి, శిక్షణ ఇచ్చి గైడ్లుగా తీసుకుంది. ఆ జాగ్రత్త ఊరికే రాలేదు. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు రేగి 20 మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. కర్ణాటకలో 2024 జనవరిలో కుమార పర్వతం మీదికి జనం తిరునాళ్లకి వచ్చినట్టు వచ్చిపడ్డారు. ఆ తర్వాత రోజుకి ఒక్కో దారిలో 300 మందికే అనుమతి అని నియమం పెట్టారు. మన కొండల మీద కూడా ఫిబ్రవరి దాటితే గడ్డి ఎండి అగ్గిపుల్ల కోసం చూస్తుంటుంది. వానాకాలంలో గెడ్డలు చూస్తుండగానే పొంగుతాయి. ఏ నెలల్లో ఏ బాట మూయాలో అక్కడి వాళ్లని అడిగితే చెబుతారు. మనకీ ఓ కురంగణి అయ్యాక మేలుకోవాలా?

కాఫీ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే బాటలు చాలాచోట్ల గిరిజనుల కాఫీ తోటల్లోంచే పోతాయి. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. నడవడానికి అంతకన్నా చల్లటి చోటు ఉండదు. నవంబరు నుంచి కాయ ఎర్రబడుతుంది, పర్యాటకులొచ్చేదీ సరిగ్గా అప్పుడే. ఎర్రటి కాయ కనబడితే గుప్పెడు కోసి జేబులో వేసుకోవడం మన సరదా. 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు తెచ్చుకున్న పంట అది. 2025లో అరకు మండలంలోనే కాయతొలుచు పురుగు, బెర్రీ బోరర్ అంటారు, కనబడి రైతులు కాపు మీదున్న కాయలు నాశనం చేసుకోవాల్సి వచ్చింది. పురుగు కాయలోనే దాక్కుని ప్రయాణం చేస్తుంది. ఇక్కడ కోసిన గుప్పెడు కాయలు ఇంకో కొండ మీద పారేస్తే చాలు. కాయ కోయొద్దు అని ప్రతి బాట మొదట్లో రాయించండి. ఎందుకు కోయకూడదో కూడా రెండు ముక్కల్లో రాయించండి, కారణం తెలిస్తే మనవాళ్లు వింటారు. వలిసె మళ్ల దగ్గర ఫొటోకి పది, ఇరవై రూపాయలు తీసుకునే రైతుల్ని దోపిడీ అని తిట్టేవాళ్లని చూశాను. పూలలో పొర్లాడి ఫొటో దిగితే రాలేవి ఆయన గింజలు. నాకైతే ఇరవై తక్కువనిపించింది.

డబ్బు ఎవరి చేతికి వెళ్లాలన్నది అసలు పేచీ. టెండరు పిలిచి బయటి కాంట్రాక్టరుకి ఇస్తే గూడెం కుర్రాడికి టికెట్లు చింపే పని దొరుకుతుంది, అంతే. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనులకి రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. 1996 పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకి పంచాయతీల విస్తరణ) చట్టం ప్రకారం గ్రామసభ మాట అక్కడ ఉత్త లాంఛనం కాదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గనుల కోసం గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు చెప్పిన సమత తీర్పు పుట్టింది కూడా ఈ అనంతగిరి మండలం గొడవలోంచే. బాట మీద వసూలు చేసే రుసుము ఆ బాట ఎవరి ఊళ్లోంచి పోతుందో ఆ గ్రామసభకి వెళ్లాలి. వద్దు, మా ఊరి మీదుగా ఎవరూ రావొద్దు అని గ్రామసభ అంటే, వద్దన్నట్టే. కొండ మీది దేవత దగ్గరికి చెప్పులతో వచ్చి వీడియోలు తీస్తుంటే నేనూ వద్దనే అంటాను.

ఇంకొకటి, ఇది చిన్నదే. బాట మొదలయ్యే ప్రతి గూడెంలో ఒక మడత స్ట్రెచరు, ప్రథమ చికిత్స పెట్టె, వాటిని వాడడం నేర్చిన ఇద్దరు మనుషులు. ఆ స్ట్రెచరు పర్యాటకుడి పేరు మీద కొన్నా, ఏడాదిలో పది రోజులు వాడికి పనికొస్తే మిగతా రోజులు ఊరికి పనికొస్తుంది. వెదురు కర్ర కన్నా నడుముకి సుఖం. ఆ మాట నా నడుమే చెబుతోంది.

2024-29 పర్యాటక విధానంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చారు. హోటళ్లకి, రిసార్టులకి రాయితీలొస్తాయి, మంచిదే. బాటకి మాత్రం పెట్టుబడిదారు ఎవరూ రారు. అందుకే మీకు రాస్తున్నాను. అటవీ శాఖ సంతకం లేకుండా ఇందులో అడుగు పడదని తెలుసు, గిరిజనాభివృద్ధి చూసే ఐటీడీఏ కూడా కూర్చోవాలి. మూడు శాఖల్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగింది మంత్రులే కానీ కిరండూల్ బండి ప్రయాణికుడు కాదు.

కుదిరితే డిసెంబరులో ఒక రోజు రండి. కాన్వాయ్ లేకుండా, రైల్లో. బొర్రా గుహల స్టేషన్లో దిగుదాం. బూట్లు పాతవే వేసుకోండి, కొత్తవి కరుస్తాయి. ఎనిమిదేళ్ల పిల్లలు కూడా నడిచే దారే చూపిస్తాను, రెండు గంటల్లో అయిపోతుంది. దారిలో ఓ గూడెంలో చోడి (రాగి) అంబలి ఇస్తారు. వస్తున్నారని వారం ముందు చెబితే బాటకి సున్నం కొట్టి, ముగ్గులేసి, ఇరువైపులా మామిడి తోరణాలు కడతారు. కాబట్టి దయచేసి ముందు రోజు రాత్రి చెప్పండి చాలు.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఓ పాత కిరండూల్ బండి ప్రయాణికుడు