బీపీ బల్ల దగ్గర కూర్చున్న అక్కకు

పోయిన నెల రెండో ఆరాధన అయ్యాక మా చర్చి హాల్లో ఉచిత వైద్య శిబిరం పెట్టాం. సండే స్కూల్ బెంచీలు జరిపి బల్లలు వేసేసరికే వరుస గేటు దాకా వెళ్లింది. అందులో సగం మంది మా సంఘస్థులు కారు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు. వాళ్లు రావాలనే కదా పెట్టింది.

బీపీ చూడాల్సిన వాలంటీర్ రాలేదు. నాకు టెన్షన్ మొదలైంది. వరుసలో ఉన్న మీరు ముందుకొచ్చి, "నేను నర్సునండీ, కూర్చోనా?" అన్నారు. పేరు అడిగే తీరిక కూడా లేకపోయింది.

మేమైతే త్వరగా పంపేయాలనే చూసేవాళ్లం. మీరు ఒక్కొక్కరినీ 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టారు. వీపు కుర్చీకి, పాదాలు నేలకు ఆనించమని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టించి అప్పుడు పట్టీ చుట్టారు.

మెట్లెక్కి వచ్చిన మా అమ్మకు కూడా అలాగే రెండుసార్లు చూశారు. రెండోసారీ 150/94. "నాకే బాధా లేదుగా" అంది అమ్మ. బీపీ చాలామందిలో ఏ లక్షణమూ చూపించదని, 140/90 దాటింది కాబట్టి మరో రోజు కూడా తప్పకుండా చూపించుకోవాలని ఓపిగ్గా చెప్పి, చీటీ మీద రాసిచ్చారు. నేను వందసార్లు చెప్పినా వినని మనిషి మీ మాట వింది. ఇప్పుడు మందు వాడుతోంది.

చాలా చాలా థ్యాంక్స్ అక్కా. మీ కళ్లజోడు పెట్టె బల్ల మీదే మర్చిపోయారు, ఆఫీసు గదిలో దాచాం. ఒకసారి రండి. అమ్మ మిమ్మల్ని చూడాలంటోంది.