మీ మామ తల మాయమైన సంగతి

బిడ్డా,

ఫోన్‌లో చెప్తే సగం విని "సరే నాన్నా, జాగ్రత్త" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నా. టెన్షన్ పడే సంగతేం కాదు, ముందే చెప్తున్నా.

మొన్న గురువారం కళ్ల డాక్టర్ దగ్గరికి పోయాం. అద్దాలు మార్పించుకుందామనే పోయాను. కంట్లో ప్రెషర్ చూసి, ఫీల్డ్ టెస్ట్ చేయించమన్నారు, అంటే చూపు చుట్టూ ఎంత మేర ఆనుతుందో చూసే పరీక్ష. చీకటి గదిలో పెద్ద తెల్లటి గిన్నె లాంటిది ఉంటుంది. దానికి ఎదురుగా గడ్డం ఆనించి కూర్చోవాలి. ఒక కన్ను మూసేస్తారు. నడుమ ఉన్న లైటునే చూస్తూ ఉండాలి, చుట్టూ ఎక్కడ చుక్క వెలిగినా చేతిలో బటన్ నొక్కాలి. ఒక్కోసారి ఎంతసేపటికీ ఏదీ వెలగదు. వెలిగిందేమో, నాకే కనపడలేదేమో అని ఒకటే గుబులు. పోనీ అని ఊరికే నొక్కితే ఆ మిషన్ దాన్ని కూడా పట్టేస్తుందట. ముప్పై ఏళ్లు కరెంటాఫీసులో ఇంటింటి మీటర్లు చెక్ చేసిన వాణ్ని, చివరికి నన్ను చెక్ చేసే మీటర్ దొరికింది.

ప్రింటు చేతికొచ్చింది. కుడి కంటి బొమ్మలో, నడిమధ్యకు కాస్త కుడిపక్కన నల్లటి మచ్చ. నా కాళ్లలో వణుకు. మీ అమ్మ అప్పటికే దేవుడికి ఏదో మొక్కేసింది. టెస్ట్ చేసిన అమ్మాయి నవ్వి, "అది అందరికీ ఉండేదే అంకుల్, నాకూ ఉంది. అది సరైన చోట కనిపిస్తే మీరు చూపు కదల్చకుండా కూర్చున్నట్టు లెక్క" అంది.

పైన ఇంకో చిన్న మరక ఉంది. డాక్టర్ వేలు పెట్టింది దాని మీద. దాని సంగతి తర్వాత రాస్తా.

ఇంటికొచ్చి రెండు రోజులు ఆ నల్ల మచ్చ గురించే చదివాను. కంటి వెనక తెరకు వెలుగును పట్టే కణాలు ఉంటాయి కదా, వాటి తీగలు వెనక నుంచి పోవు, తెర ముందు నుంచే పోతాయి. మన పాత ఇంట్లో గోడ మీద బయటి వైరింగ్ గుర్తుందా, అచ్చం అట్లా. సుమారు 10 లక్షల తీగలు ఒక్క చోటికి చేరి, తెరకు ఒక రంధ్రం చేసుకుని బయటపడి మెదడుకు పోతాయి. ఆ రంధ్రం ఉన్న చోట వెలుగును పట్టే కణం ఒక్కటీ ఉండదు. అక్కడ మనం గుడ్డివాళ్లమే. దాన్ని అంధబిందువు అంటారు. ఆక్టోపస్‌కి తీగలు తెర వెనక నుంచి పోతాయి, దానికి ఈ బాధ లేదు. దేవుడు దానికి కన్సీల్డ్ వైరింగ్ చేయించి మనకు మాత్రం పాత కాంట్రాక్టర్‌ని పెట్టాడు.

బిందువు అన్నారని చిన్నదనుకోకు. ఆకాశంలో పున్నమి చంద్రుళ్లను పక్కపక్కన పేరిస్తే పది మంది అందులో పడతారు!

నువ్వూ చేసి చూడు. మీ అమ్మ బొట్టుబిళ్లలు రెండు తెచ్చి మన ఆకుపచ్చ బీరువా మీద జానెడు దూరంలో పక్కపక్కనే అంటించాను. ఎడమ కన్ను మూసి, కుడి కన్నుతో ఎడమ బొట్టునే చూస్తూ మెల్లగా వెనక్కి జరిగాను. రెండున్నర అడుగుల దగ్గర కుడి బొట్టు పోయింది. పోయిన చోట నల్లగా ఏమీ లేదు, గుంత లేదు, మసక లేదు. ఆకుపచ్చ బీరువా ఉంది. మెదడు చుట్టుపక్కల రంగు తెచ్చి అక్కడ పూసేసింది. రెండో కన్ను తెరవగానే బొట్టు ఎక్కడిదక్కడే ఉంది. ఒక కంటి లోటును ఇంకో కన్ను తీరుస్తుంది కాబట్టే అరవై రెండేళ్లుగా నాకు ఈ సంగతి తెలియలేదు.

దీన్ని కనిపెట్టింది 1660లలో ఫ్రాన్స్‌లో ఎడ్మ్ మారియట్ అనే ఆయన. ఇంటర్‌లో నువ్వు కంఠస్థం చేసిన బాయిల్ నియమం ఉంది చూడు, ఫ్రెంచివాళ్లు దాన్ని ఈయన పేరుతోనే పిలుస్తారు. ఆ తీగలన్నీ కలిసిన కంటి నరం కంటికి నడిమధ్యన కాకుండా ముక్కు వైపుకు జరిగి ఉందని గమనించి, మరి ఆ చోట చూపు ఎట్లుంటుందో అని గోడకు కాగితాలు అంటించి చూశాడట. ఆ తర్వాత ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ ఒక కన్ను మూసి, సభలో వాళ్ల తలలు మాయం చేసి చూసుకునేవాడని చెప్పుకుంటారు.

ఆదివారం మీ మామ వచ్చాడు. ఏడడుగుల దూరంలో సోఫాలో కూర్చుని శంషాబాద్ ప్లాటు కథ ఎత్తుకున్నాడు. నేను ఎడమ కన్ను మూసి, ఆయన పక్కన గోడ మీద స్విచ్‌బోర్డును చూశాను. గజం ఎంతో చెప్తూనే ఉన్నాడు, చేతులు తిప్పుతూనే ఉన్నాడు, తల మాత్రం లేదు. భుజాల పైన గోడ. "ఏంది బావా, కన్ను కొడుతున్నవ్?" అన్నాడు. మీ అమ్మ వంటింట్లోకి పోయి నవ్వింది.

నవ్వు అయ్యాక నాకు దసరా గుర్తొచ్చింది. అత్తాపూర్‌లో పిల్లర్ల కింద యూటర్న్ తీసుకుంటుంటే ఆ స్కూటీ పిల్లగాడు తగిలాడు కదా. "వాడు అక్కడ లేడు, ఎక్కణ్నుంచో ఊడిపడ్డాడు" అని నేను అరిచాను. నువ్వు వెనక సీట్లోంచి "నువ్వు చూడలేదు నాన్నా" అన్నావు. నీతో రెండు రోజులు మాట్లాడలేదు.

దాన్ని అంధబిందువు మీద తోసేయలేను, రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి. ఆ మరక వల్లనా అంటే, చెప్పలేమన్నారు డాక్టర్. పిల్లర్ చాటు కావచ్చు, నా తొందర కావచ్చు. కానీ మామ తల ఉండాల్సిన చోట గోడ కనిపించినట్టే, ఆ రోజు నాకు ఖాళీ రోడ్డు కనిపించింది. ఒట్టేసి చెప్పేవాణ్ని. నువ్వన్నదే కరెక్టు బిడ్డా.

ఇక ఆ మరక. గ్లకోమా అట, నీటికాసులు అంటారు. నా లెక్కలో చెప్పాలంటే ఆ 10 లక్షల తీగల్లో కొన్ని కాలిపోతున్నాయి. పోయినవి మళ్లీ రావు, ఉన్నవాటిని చుక్కల మందుతో కాపాడుకోవాలి. నొప్పి ఉండదు, మెదడు అక్కడ కూడా రంగు పూసేస్తుంది కాబట్టి చాలామందికి చాలా దూరం పోయేదాకా తెలియదు. నాది మొదట్లోనే దొరికింది. రోజూ రాత్రి తొమ్మిదింటికి మీ అమ్మ చుక్క వేస్తుంది, ఒక్కోసారి కంట్లో, ఒక్కోసారి చెంప మీద.

ఇది ఇంట్లో ఒకరికి ఉంటే రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం ఎక్కువట. మీ అన్నకు చెప్పాను, పోయి చూపించుకున్నాడు, బాగానే ఉందన్నారు. నువ్వు కూడా పుణెలో ఈ నెలలోనే పోయి చూపించుకో. అద్దాల షాపులో కాదు, డాక్టర్ దగ్గర. మా నాన్నకు గ్లకోమా ఉందని నువ్వే ముందు చెప్పు. కంట్లో ప్రెషర్ చూడమను, నరం చూడమను.

ఆ పిల్లగాడి స్కూటీ అద్దానికి నాకు తెలియకుండా నువ్వు ఆరు వందలు ఇచ్చావని అమ్మ ఇప్పుడు చెప్పింది. ఫోన్‌పే చేశాను. తిరిగి పంపకు.

మీ నాన్న