చార్టుకే మార్కులా?

సంపాదకుడు గారికి నమస్కారం.

బడుల్లో సోషల్ ప్రాజెక్టు ఎలా తయారవుతుందో తెలియనిదేముంది? ఫ్యాన్సీ షాపులో చార్టు, నెట్ సెంటర్‌లో నాలుగు రంగుల ప్రింట్లు, కాస్త జిగురు. నలభై చార్టుల మీదా ఐక్యరాజ్యసమితి జెండా ఒకేలా ఉంటుంది, ప్రింటు తీసిన అంగడి ఒకటే కాబట్టి. నిజం చెప్పాలంటే మార్కులు వేసే నేను కూడా వాటిని చదవను.

ఉమ్మడి కడప జిల్లాలో, రాజంపేట దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను. ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లల చేత చార్టులు మాన్పించి పాడ్‌కాస్టులు చేయించాను. పేరు పెద్దదే గానీ, ఐదు నిమిషాల రేడియో ముచ్చట అనుకోండి.

మా దగ్గర కువైట్‌తో సంబంధం లేని వీధి ఉండదు. ఒకమ్మాయి అక్కడ ఇంటిపనికి పోయిన వాళ్లమ్మను ఫోన్‌లో పలకరించి రికార్డు చేసింది. ఆమె పని ముగిసేది అక్కడ రాత్రి పదికి, అంటే మనకు పన్నెండున్నర. అందాకా మేలుకునే ఉందట ఆ పిల్ల. "ఆడ ఎండ ఎట్లుంటాదిమ్మా?" అంటే "గాలి గూడా కాలుతాది పాపా" అందామె. 2016 జులైలో కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన సంగతి వెతికి ఆ మాట పక్కన చేర్చాం. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించకూడదన్న నిబంధన అక్కడుందనీ చెప్పాం. ఇది విని, ఇటుకబట్టీ కూలీ కొడుకు ఒకడు లేచి "మనకాడ లేదా సార్?" అన్నాడు. మిగతా పీరియడంతా దాని మీదే గడిచింది.

ఇంకో జట్టు మంగంపేట గనుల్లో తీసే ముగ్గురాయి (బెరైటీస్) సంగతి ఎత్తుకుంది. పొడి తోలే లారీ డ్రైవరు ఒకబ్బాయికి మామ. సరుకు చెన్నై రేవుకు పోతుందన్నాడే గానీ, ఆ తర్వాత ఏమవుతుందో ఆయనకూ తెలీదు. పిల్లలే వెతికారు. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువుండే ఆ పొడిని చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలుపుతారు, లోపలి ఒత్తిడికి చమురు, గ్యాసు ఎగజిమ్మకుండా. అమెరికాకూ గల్ఫ్‌కూ పోయేది ఇందుకే. "అయితే మా అమ్మ పోయిన దిక్కుకే మన రాయీ పోతాందా?" అని అడిగింది ఆ అమ్మాయి.

తప్పులూ దొర్లాయి. ఒకడు కువైట్‌ను దుబాయ్‌లో ఊరన్నాడు. క్లాసంతా గొల్లుమంది, అట్లాసు తెరిచి మళ్లీ రికార్డు చేశాడు. అదే తప్పు చార్టు మీద ఉంటే ఎవరు చూస్తారు?

బడికి పిల్లలు ఫోన్లు తేకూడదన్న నిబంధన ఎత్తేయమని నేను అడగను. భోజనాల తర్వాత ఫ్యాను ఆపి, నా ఫోన్‌లోనే రికార్డు చేస్తున్నాం. యూట్యూబ్‌లో పెట్టమంటున్నారు కొందరు. పెట్టను. ఆ తల్లి మాటలు యజమాని చెవిన పడితే ఆమె పనికే ఎసరు. ఆమె ఒప్పుకున్నంత వరకు క్లాసులో వినిపించాం, అంతే.

పాఠశాల విద్యాశాఖను నేను కోరేది ఒక్కటే. ఫార్మేటివ్ పరీక్షల ప్రాజెక్టు మార్కులకు ఆడియో కూడా చెల్లుతుందని ఒక సర్క్యులర్ ఇవ్వండి. మొన్న తనిఖీకి వచ్చినాయన "చార్టులేవి?" అన్నారు. పెన్‌డ్రైవ్ చూపిస్తే నవ్వి ఊరుకున్నారు. ఎందుకైనా మంచిదని జట్టుకొక చార్టు చేయించి గోడకు తగిలించాను.

ఇట్లు,
ఒక సోషల్ టీచరు, రాజంపేట