ప్యూర్ ఊల్ అని అమ్మి సింథటిక్ గుడ్డ పంపినందుకు ఫిర్యాదు

మెదక్ జిల్లా,
జనవరి 20.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: నవంబర్ 18న నేను ఆర్డర్ చేసిన 12 మీటర్ల ‘ప్యూర్ ఊల్ మెల్టన్’ (దట్టంగా చేసిన అచ్చమైన ఉన్ని) గుడ్డ గురించి.

అయ్యా,

నేను టైలరింగ్ చేస్తాను. మా చర్చిలో ఏటా క్రిస్మస్ నాటకానికి డ్రెస్సులు కుట్టేది నేనే. ఈసారి నాటకం రాత్రిపూట, ఆరుబయట పెట్టారు. గొర్రెల కాపరులు చలి కాచుకుంటుండగా దేవదూత కనబడే సీనుకి నిజం మంటే వేద్దామన్నారు. కాపరుల వేషం వేసే నలుగురూ ఇంటర్ చదివే పిల్లలు. దాదాపు గంటసేపు మంట పక్కనే కూర్చోవాలి. డిసెంబర్‌లో మా దగ్గర రాత్రి చలి పది డిగ్రీల దగ్గరికి వస్తుంది, పైగా మంచు పడి గడ్డి అంతా తడిసిపోతుంది. అందుకని వాళ్లకి నెత్తి మీద కప్పుకునే టోపీతో, మడమల దాకా వచ్చే క్లోక్‌లు కుడదామనుకున్నాను.

ఏ గుడ్డ తీసుకోవాలో తేల్చుకోవడానికే వారం పట్టింది. ఫ్లీస్ చవక, వెచ్చగానే ఉంటుంది. కానీ అది పాలిస్టర్. నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. మందపాటి కాటన్ కరగదు గానీ, అంటుకుంటే ఆగదు. మంచుకి తడిస్తే బరువెక్కి చల్లబడిపోతుంది. ఉన్ని అయితే తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తెలియనివ్వదు. రవ్వ పడినచోట మాడుతుంది తప్ప కరిగి అంటుకోదు, మంట తీసేస్తే చాలావరకు తనంతట తనే ఆరిపోతుంది. అందులోనూ మెల్టన్‌ని నేశాక తడిపి, మర్దించి, దగ్గరకి దట్టంగా చేస్తారు కాబట్టి దాంట్లోంచి గాలి దూరదు.

నేను డబ్బు కట్టింది ఆ ‘ఊల్’ అన్న మాటకేనండీ. ఆర్డర్ చేసే ముందు మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, “పిల్లలు మంట దగ్గర వేసుకుంటారు, సింథటిక్ ఏ కొంచెం కలిసినా నాకొద్దు” అని చెప్పాను. “హండ్రెడ్ పర్సెంట్ ప్యూర్ ఊల్ మేడమ్, ఏం భయం లేదు” అన్నారు. మీటరు 1,150 చొప్పున 13,800 రూపాయలు కట్టాను.

పార్సిల్ 26న వచ్చింది. ముదురు గోధుమ రంగు, పైన మెత్తటి నూగు, చూపుకి ఉన్నిలాగే ఉంది. 150 సెంటీమీటర్ల పన్నాలో ఒక్కో క్లోక్‌కి 3 మీటర్లు పడుతుంది. అర్ధచంద్రాకారంగా కోస్తే, మూలల్లో మిగిలిన ముక్కల్లోంచి టోపీ వస్తుంది. కత్తెర పెట్టగానే అంచు వెంట పోగులు ఊడటం మొదలైంది. మెల్టన్ అంచు అలా ఊడదు. అప్పుడే ఆగాల్సింది, కానీ రిహార్సల్‌కి రోజులు దగ్గర పడ్డాయి. మీ మాట మీద నమ్మకంతో నాలుగూ కుట్టేశాను. లోపల కాటన్ ఫ్లానెల్ లైనింగ్‌కి ఇంకో 2,600 అయింది.

డిసెంబర్ 13 రాత్రి రిహార్సల్‌లో ఒక కట్టె చిటపటమని పేలి రవ్వలు ఎగిరాయి. ఒకటి ఒక బాబు చేతి మీది మడత మీద పడింది. గుడ్డ ఒక్క క్షణంలో లోపలికి ముడుచుకుపోయి, రూపాయి బిళ్లంత కంత పడింది. కంత చుట్టూ నల్లగా, మెరుస్తూ, ప్లాస్టిక్ లాంటి గట్టి అంచు. కరిగిన చుక్క ఒకటి మణికట్టుకి అంటుకుంది. నీళ్లు పోసి తీస్తే దాంతోపాటు తోలు కూడా లేచొచ్చింది. గాయం చిన్నదే, మానింది. కానీ ఆ రవ్వ టోపీ మీద పడి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడి తల్లికి ఆ క్లోక్ ఇచ్చి వేయించింది నేను.

తెల్లారాక మా నాయనమ్మ నాటి గొంగడిలోంచి ఒక పోగు, మీ గుడ్డలోంచి ఒక పోగు తీసి పక్కపక్కన వెలిగించాను. గొంగడి పోగు వెంట్రుకలు కాలిన వాసన వేసి ఆరిపోయింది. బూడిదని వేళ్లతో నలిపితే పొడి అయింది. మీ పోగు నల్లపొగ కక్కుతూ కరిగి, గోటితో నొక్కినా చితకని పూస అయింది. తర్వాత రెండు గిన్నెల్లో బట్టలకి వాడే క్లోరిన్ బ్లీచ్ పోసి, ఒకదాంట్లో గొంగడి ముక్క, ఇంకోదాంట్లో మీ ముక్క వేశాను. సాయంత్రానికి గొంగడి ముక్క కరిగిపోయింది. మీది చెక్కుచెదరలేదు. ఉన్ని అయితే బ్లీచ్‌లో నిలవదు.

బరువు సంగతి కూడా చూడండి. మీ వెబ్‌సైట్‌లో 600 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 600 గ్రాములు అని రాశారు. ఆ లెక్కన 12 మీటర్లకి 10.8 కిలోలు ఉండాలి. మీరే అంటించిన కొరియర్ స్లిప్ మీద 5.4 కిలోలు అని ఉంది. అంటే మందం కూడా సగమే.

14వ తేదీన ఫొటోలతో సహా మీకు మెయిల్ పెట్టాను. 17న “కట్ చేసిన గుడ్డకి రిటర్న్ లేదు” అని జవాబు వచ్చింది. గుడ్డ కోయకుండా క్లోక్ ఎలా కుడతారండీ? మళ్లీ రాస్తే 22న “ఊల్ అంటే ఊల్ ఫినిష్ అని అర్థం” అన్నారు. ఆ ‘ఫినిష్’ అన్న మాట మీ పేజీలో గానీ, బిల్లులో గానీ, ఫోన్‌లో గానీ ఎక్కడా లేదు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

నాటకం మాత్రం ఆగలేదు. పక్క ఊరి కురుమ పెద్దాయన ఒకరు విషయం విని, తన దగ్గరివీ, తన వాళ్ల దగ్గరివీ నాలుగు గొంగళ్లు పంపారు. దక్కనీ గొర్రెల నల్ల ఉన్ని, చేత్తో వడికి, గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించినవి. గరుకే, మెడ దగ్గర గుచ్చుకుంటాయి. వాటిని నెత్తి మీదుగా టోపీలా మడిచి, కొప్పెర పెట్టుకుని కూర్చున్న పిల్లలు మాత్రం గంటసేపూ చలి అనలేదు.

వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం ప్రకటించిన లక్షణాలు లేని సరుకుని వాపసు తీసుకోనని, డబ్బు తిరిగివ్వనని అమ్మకందారు అనడానికి లేదు. ఫిర్యాదుని నెలలోగా పరిష్కరించాలి. ఆ నెల దాటింది.

గుడ్డ ధర 13,800, లైనింగ్ 2,600, మొత్తం 16,400 రూపాయలు 15 రోజుల్లో నా ఖాతాలో వేయండి. నా కుట్టుకూలి నేను అడగడం లేదు. క్లోక్‌లు నాలుగూ మీ ఖర్చుతో తెప్పించుకోండి. అంతకంటే ముందు, ఈరోజే, ఆ పేజీలో ‘ప్యూర్ ఊల్’ అన్న మాట తీసేసి దాంట్లో నిజంగా ఏ దారం ఎంత శాతం ఉందో రాయండి. నాతోపాటు ఇదే గుడ్డ కొన్నవాళ్లందరికీ మంట దగ్గర వాడొద్దని కబురు పెట్టండి. డబ్బు ఆలస్యమైనా ఓర్చుకుంటాను గానీ, ఈ పని ఆలస్యం కావడానికి వీల్లేదు. జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను.

బిల్లు, కొరియర్ స్లిప్, మీ పేజీ స్క్రీన్‌షాట్, బాబు చేతి ఫొటో జత చేశాను. కంత పడిన ముక్క కూడా కవర్లో పెట్టాను. దాని అంచు ఒకసారి వేలితో తడిమి చూడండి.

ఇట్లు,
మీ దగ్గర గుడ్డ కొన్న టైలర్