బాకీ సంగతి తెలియకుండా ధర చెప్పకు

బిడ్డా,

వచ్చే వారం నుంచి రైతులకు సలహా చెప్పే పని మీద ఊర్లల్ల నీ తిరుగుడు మొదలైతది కదా. పరకాల, నర్సంపేట, కేసముద్రం, జమ్మికుంట నీకు కొత్త కాదు, పనే కొత్త. బస్సులో తీరిగ్గా చదువుకుంటావని రాస్తున్న.

పొద్దున పదింటికి ఊర్లోకి పోతే ఇంట్లో ఎవరూ దొరకరు. పత్తి ఏరే రోజుల్లో కూలీలను పెట్టుకున్న రైతును గెట్టు మీద నిలబెట్టి మాట్లాడితే ఆయన పని ఆగిపోతది. ముందురోజే ఫోన్ చేసి, పొద్దుగూకినంక ఇంటికి పో. అప్పటికి ఇంటామె కూడా ఉంటది. ఏ దుకాణంలో ఎంత ఉద్దెర ఉన్నదో, కూలీలకు ఎంత ఇచ్చిన్రో చాలా ఇండ్లల్ల ఆమెకే యాది ఉంటది.

అన్నిటికన్న ముందు బాకీ తెలుసుకో, నలుగురిలో మాత్రం అడగకు. విత్తనం, మందులు ఉద్దెరకిచ్చిన వ్యాపారికే పంట తూకమెయ్యాల్సిన రైతుకు "కోల్డ్ స్టోరేజీలో పెట్టు, ధర పెరిగినంక అమ్ము" అని చెప్తే ఏం అక్కరకొస్తది? ఆ బాకీలో కొంతైనా తీరే దారి చూపినంకనే ధర ముచ్చట.

తర్వాత ఎకరం లెక్క నోటుబుక్కులో ఆయన ముందే రాయి. మిర్చే అనుకో. కౌలు, దున్నకం, నారు, ఎరువులు, మందులు, కలుపు, ఏరుడు కూలీ, బస్తాలు, వరంగల్ ఎనుమాముల మార్కెట్ దాకా బండి కిరాయి, అన్నీ కలిపి లక్షన్నర అయిందనుకుందాం. అందులో లక్ష నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే ఎనిమిది నెలలకు 16,000. మొత్తం 1,66,000. పన్నెండు క్వింటాళ్లు పండితే క్వింటాలుకు దాదాపు 13,800 వస్తేనే పెట్టుబడి వాపసు. పది క్వింటాళ్లే అయితే 16,600 కావాలె. దిగుబడి పడిపోతే ఏరుడు కూలీ కొంత తగ్గుతది గాని కౌలు, మిత్తి తగ్గవు. మిత్తినీ, ఇంటోళ్ల కష్టాన్నీ లెక్కలో వదిలేసేటోళ్లే ఎక్కువ. ఇంకొకటి, తాలు కాయ, అంటే రంగు పోయిన నాసి మిర్చి, దాని ధర వేరు. మొత్తం పంటను మంచి కాయ ధరతో గుణించి రైతుకు ఆశ పెట్టకు.

పత్తికి తేమే అసలు తగాదా. సీసీఐ, అంటే మద్దతు ధరకు పత్తి కొనే సర్కారు సంస్థ, 8 శాతం తేమ దాకా పూర్తి ధర ఇస్తది, 12 దాటితే కొనదు. మధ్యలో ఒక్కో శాతానికి ఒక శాతం ధర కోత. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110. 11 శాతం తేమ ఉంటే క్వింటాలుకు 243 రూపాయలు పోయినట్టే. 13 ఉంటే బండి కిరాయి మీద పడి తిరిగి ఇంటికే. అందుకే మంచు ఆరినంకనే ఏరమని చెప్పు. తేమ కొలిచే మీటరు కుప్ప పైన పెట్టి చూడకు, పైది ఎండకు ఆరిపోయి ఉంటది. చెయ్యి లోపలికి పెట్టి నాలుగైదు చోట్ల తీసి సగటు చూడు. కొనుగోలు కేంద్రంలో చూసే అంకెకు అదే దగ్గరగా ఉంటది.

మట్టి పరీక్ష ఎండాకాలంలో, చేను ఖాళీగా ఉన్నప్పుడు చేయించు. గెట్టు పక్క, చెట్టు కింద, పెంటకుప్ప ఉన్న చోట తియ్యొద్దు. చేనంతా వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల ఇంగ్లిషు 'వి' లెక్క జానెడు లోతు గుంత తీసి, అంచు మట్టి గీకి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేస్తూ అరకిలో మిగిల్చు. యూరియా సంచి మీద మాత్రం కలపకు, దానికంటిన ఎరువు రిపోర్టునే మార్చేస్తది. చీటీ పెన్సిల్‌తో రాయి, తడి తగిలితే సిరా అలుక్కుపోతది.

మందుల దుకాణం వాళ్ల బండెక్కి ఊర్లోకి పోకు. తెల్లారి నువ్వు ఏం చెప్పినా వాళ్ల మాటే అనుకుంటరు.

చీకటి పడ్డంక భూపాలపల్లి దారిలో స్కూటీ మీద రాకు, బొగ్గు లారీలు తిరుగుతుంటయి. ఆలస్యమైతే పరకాలలో అత్త ఇంట్ల ఆగి, అక్కడి నుంచి ఫోన్ చెయ్యి.

మీ నాయిన